భుజం తట్టిన చెయ్యి

చేపలమ్మి చేపలమ్మి సెక్ కాయ్ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. ఐసుముక్కలూ పొలుసులూ కలిసి వేలిముద్రల్ని ఎప్పుడో మింగేశాయి. అందుకే గుర్రప్పందేల యాప్ అతని వేలిని ఏనాడూ గుర్తుపట్టలేదు. దానికి తెలిసిన వేలు ఒక్కటే, భార్య యిమ్ ఫాంగ్‌ది. పాస్‌వర్డ్ కూడా ఆవిడకే తెలుసు. బుధవారం సాయంత్రమైతే గుర్రాన్ని ఎంచేది ఆవిడ, వేలు పెట్టేది ఆవిడ, మీట నొక్కి గొప్పలు చెప్పుకునేది ఈయన.

పోయిన బుధవారం ఆవిడ ‘నవ్వే ముల్లంగి’ అనే గుర్రాన్ని ఎంచింది. ఈయన మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ "టీ చల్లారిపోతోంది" అంటూ భుజం తట్టింది. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టి ఇక ఆగలేదు. పందెం పడలేదు, ముల్లంగేమో గెలిచింది.

పందెం వేసేవాడి భుజం తట్టకూడదని హాంకాంగ్‌లో పాలుతాగే పిల్లకైనా తెలుసు, అదృష్టం జారిపోతుందట. సెక్ కాయ్ నోటికి అడ్డూ అదుపూ లేదు. "నీ పాడు చెయ్యి పడ్డాక ఇంకేం కలిసొస్తుంది?" అని బజారంతా వినేలా అరిచాడు. ఆవిడ ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, చెంగ్ చౌ దీవిలో ఉన్న చెల్లెలింటికి పడవెక్కింది.

ఆ సాయంత్రం యాప్ ఊరంతటికీ ఆగిపోయిందని మర్నాడు తేలింది. తప్పెవరిదో సెక్ కాయ్‌కి తెలిసిపోయింది. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవడానికి నోరు రావాలిగా? వారమంతా అరిచి అరిచి చేపలమ్మాడు, రాత్రిళ్ళు మాత్రం అన్నం సహించలేదు. ఆవిడ ఇక రాదేమోనన్న భయం గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మళ్ళీ బుధవారం వచ్చింది. మధ్యాహ్నం యాప్ కొత్త రూపు దిద్దుకుని అందర్నీ బయటికి తోసేసి, మళ్ళీ వేలు పెట్టమంది. సెక్ కాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. సాకు దొరికింది మరి. కొట్టు కట్టేసి పడవెక్కాడు.

గుమ్మం ముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ రొయ్యలు ఒలుస్తున్నారు.

"ఏం బావా, చేపల వాసన ముందొచ్చింది, నువ్వు వెనకొచ్చావు," అంది చెల్లెలు యిమ్ లాన్.

భార్య తలెత్తలేదు. "వేలు కావాలా?"

"యాప్ అడుగుతోంది."

"యాప్ అడిగితే వచ్చావు. నువ్వు అడగవు."

సెక్ కాయ్ చెప్పు కొసతో నేల గీకాడు. "ఆవేళ ఊరంతా ఆగిపోయిందటలే ఆ యాప్."

"విన్నాను. అయితే ఊళ్ళో అందరి భుజాలూ నేనే తట్టొచ్చానన్నమాట."

యిమ్ లాన్ నవ్వు ఆపుకోలేక గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

"సర్లే, ఇలా తే," అని యిమ్ ఫాంగ్ చెయ్యి తుడుచుకుంది. "ఏ గుర్రానికి?"

"చూడలేదు."

"అసలు ఏవేవి పరుగెడుతున్నాయి?"

"తెలీదే. చూడలేదన్నానుగా."

అప్పుడు తలెత్తింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి పెళ్ళినాడు కూడా పందేల పేజీ చూడకుండా గడప దాటలేదు. ఆవిడ అతని మొహంలోకే చూస్తూ వేలు పెట్టింది. యాప్ తెరుచుకుంది. పేర్లన్నీ చదివి ‘నిద్రపోతు మేనమామ’ని ఎంచింది.

"ఇది గెలుస్తుందా?"

"పేరు నీకు సరిపోయింది."

సెక్ కాయ్ మీట నొక్కాడు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"ఇదిగో, మళ్ళీ మొదలు," అంది ఆవిడ, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. "నేను ముట్టుకోలేదు. చూస్తున్నావుగా?"

ఆ మాటకి సెక్ కాయ్ ఫోన్‌ని రొయ్యల బుట్ట పక్కన బోర్లించి, ఆవిడ వైపు వీపు తిప్పి మెట్టు మీద కూర్చున్నాడు.

"తట్టు."

"ఓడిపోతావు, ముసలాయనా."

"తట్టమన్నానా."

ఆవిడ మెల్లగా భుజం తట్టింది.

"చెయ్యి తియ్యకు," అన్నాడు సెక్ కాయ్.