పెద్దవల, చిన్న ఫోను

ఫోను మోగితే చేప పారిపోతుంది. వల నీళ్ళలో ఉండగా ఒక్కసారి మోగినా చాలు, దాని సంచిలో నాచు తప్ప మరేమీ మిగలదు. నౌపడ ఉప్పుమళ్ళు దాటి సముద్రం వైపు నడిస్తే వచ్చే మా పేటలో ఈ మాట నమ్మని మనిషి లేడు. నేను నమ్మలేదు గాని, నన్ను లెక్కలోకి తీసుకునేవారూ లేరు. అక్కడి బడిలో సైన్సు చెప్పి, రిటైరయ్యాక సముద్రపు గాలి విడిచిపెట్టలేక ఉండిపోయినవాణ్ణి.

ఈ నమ్మకం పుట్టిన రోజు నాకు గుర్తుంది. వల లాగే ఉమాశంకర్ కొత్తగా కొన్న పెద్ద ఫోను, వల ఒడ్డుకు చేరువవుతుండగా వాడి జేబులోంచి గొంతెత్తి పాడింది. తీరా చూస్తే సంచినిండా జెల్లీ చేపలు. ఏ ఫోనూ మోగకుండానే సంచి ఖాళీగా వచ్చిన రోజులు అంతకుముందు చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ గుర్తుంచుకోలేదు.

మా వాళ్ళు వేసేది పెద్దవల. పడవ మీద తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంలో నీళ్ళలోకి దించుతారు. రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుని గంటల తరబడి లాగుతాయి. వలకు నడిమధ్యన చేప చేరే సంచి ఉంటుంది. అది ఎక్కడుందో ఒడ్డుకు తెలియాలి కనుక, దానిపైన నీటిలో తేలే పెద్ద బెండు ఒకటి కడతారు. ఈ వ్యవహారం మొత్తానికి పెద్ద గంగులు. ఎవరు ఏ తాడు పట్టాలో, ఎవరి చోటు ఉండాలో, ఎవరిది పోవాలో చెప్పేది ఆయనే.

ఆ గంగులు ఒక కట్టడి పెట్టాడు. వల దించే రోజున అందరూ ఫోన్లు ఆపుచేసి గురమ్మ బుట్టలో వేయాలి. చేపలమ్మే గురమ్మ ఆ బుట్టను దిబ్బ అవతల తన పాకలో పెట్టి కాపలా కాస్తుంది. ఎవరైనా వల దగ్గరకు ఫోను తెస్తే తాడు మీద వాడి చోటు మరొకడికి పోతుంది.

నేను ఒకసారి నచ్చజెప్పబోయాను. "గంగులూ, గాలిలో పుట్టిన శబ్దంలో చాలా భాగం నీటి పైపొరను తాకి వెనక్కి పోతుంది. లోపలికి వెళ్ళేది బహు స్వల్పం."

"అలాగేటి మేస్టారూ? మీరు సంద్రంలో మునిగినప్పుడు గట్టు మీంచి కేకేస్తే ఇనపడదేటి?"

"నేను సముద్రంలో మునగను గదయ్యా."

"అదీ! ములగనోరికి సేపల మాటేటి తెలస్తాది?"

తాళ్ళు చుడుతున్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. అయినా పట్టు విడవక, "ఒకరోజు ఫోను మోగిస్తూ, ఒకరోజు మోగించకుండా లాగి చూద్దాం. నిజమేదో తేలిపోతుంది," అన్నాను.

"మా కూటితోటి పరీచ్చలా బాబూ?" అన్నాడు గంగులు.

తాడు లాగే జట్టులోని లక్ష్ముడి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. అంకెలు ఏనాడో అరిగిపోయాయి, వెనుక మూతను రబ్బరుబ్యాండు పట్టి ఉంచుతోంది, నెత్తిన టార్చిలైటు మాత్రం ఇంకా వెలుగుతోంది. అల్లుడు హరిబాబు ఒక టచ్ ఫోను కొనిస్తే నాలుగు రోజులు వాడి తిరిగి ఇచ్చేశాడు. తడి వేళ్ళకు, పొలుసులంటిన వేళ్ళకు ఆ అద్దం పలకదు. బటన్లయితే చీకట్లో కూడా వేలికి తెలుస్తాయి.

ఆ రోజు ఉదయం వల పడవలో సర్దుకుని వెళ్ళిపోయింది. ఒడ్డున తాళ్ళు పట్టుకోవడానికి జనం నిలబడుతున్నారు. నేను ఎప్పటిలాగే ఇసుకలో కూర్చుని చూస్తున్నాను. లక్ష్ముడు వంగి వంగి ఇసుకంతా వెతుకుతూ నా దగ్గరకు వచ్చాడు.

"మేస్టారూ, కొంప ములిగిపోనాది. ఇక్కడో డబ్బా ఉండాల. సూసినారా?"

"ఏం డబ్బా?"

"బీడీల డబ్బా. అందులో ఫోనెట్టినాను." గొంతు తగ్గించాడు. "నా కూతురు దుర్గకి రేత్రి నొప్పులొచ్చినాయి. టెక్కలి ఆస్పత్రిలో ఉన్నాది. బిడ్డ అడ్డం తిరిగినాదన్నారు. నా ఆడదీ, అల్లుడూ అక్కడున్నారు. నాను రాపోతే గంగులు మావ నా సోటు ఇంకోడికిచ్చీసును. అందికే వచ్చినాను. ఫోను ఇంటికాడ ఒగ్గీసినానని సెప్పినాను మావకి. ఆ కబురు నా సెవినే పడాల మేస్టారూ, ఆగలేను."

విషయం ఇది. మా వాళ్ళు సముద్రం మీదకు వెళ్ళేటప్పుడు బీడీలు, అగ్గిపెట్టె తడవకుండా మూత బిర్రుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటారు. లక్ష్ముడు ఫోనును అలాంటి డబ్బాలో పెట్టి, వలకు కట్టే బెండ్ల కుప్ప పక్కన దాచాడు. పడవ వెళ్ళాక తీసి, తాడు లాగే చోట ఇసుకలో పాతి, ఒక చెవి అటు పడేసి ఉంచుకోవాలని అతని ఆలోచన.

"అల్లుడి నంబరు చెప్పు. గురమ్మ బుట్టలో నా ఫోనుంది, దిబ్బ అవతలికి వెళ్ళి నేను చేస్తాను," అన్నాను.

"నంబరు నాకేటి తెలుసు? అది దాంట్లోనే ఉన్నాది!"

ఇంతలో పడవ వల దించి తిరిగి వచ్చింది. పడవ నడిపే ధనరాజ్ నీళ్ళలోకి దూకి, నడుం తుడుచుకుంటూ గంగులుతో గొప్పగా చెప్పాడు.

"మావా, సంచి మీద బెండు ఇరిగిపోయున్నాది. నాను సూసుకోపోతే ఏటైపోను? ఎవుడో బెండ్ల కుప్ప కాడ డబ్బా పడేసినాడు, బలే తేలతాది. అది కట్టీసినాను."

"మంచి పని సేసినావు," అన్నాడు గంగులు.

లక్ష్ముడు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. అలల అవతల, ఎండలో తళతళలాడుతూ, ఒక చిన్న డబ్బా తేలుతూ మునుగుతూ ఉంది.

ఒప్పుకుంటే చోటు పోతుంది. ఒప్పుకున్నా ఫోను చేతికి రాదు. అది రావాలంటే ఒక్కటే దారి, వల ఒడ్డుకు రావడం. లక్ష్ముడు వెళ్ళి తాడు పట్టుకున్నాడు. అలా తాడు లాగిన మనిషిని నేను ఇన్నేళ్ళలో చూడలేదు. మడమలు ఇసుకలో దిగిపోతున్నాయి, మెడ నరాలు పొంగుతున్నాయి. ముందున్నవాడి వీపును తలతో నెడుతున్నాడు.

"ఏట్రా బావా, గేదె పాలేటైనా తాగొచ్చినావా?" అని అడిగాడు ఉమాశంకర్.

"మాటలాపి లాగరా! నీ సేతులు తాడు మీద నిద్దరోతన్నాయి."

"ఓలమ్మ, రోజూ బీడీకని తాడొగ్గీసి పోయేది ఎవులో!"

గంగులుకు మాత్రం ముచ్చటేసింది. "సూడండర్రా లక్ష్ముణ్ణి. పనంటే అదీ," అని రెండు జట్లకూ వినబడేలా మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విన్నకొద్దీ లక్ష్ముడి ముఖం మరింత వాడిపోయింది.

వల దగ్గరవుతున్నకొద్దీ తాడు బరువెక్కింది. ఎండ నెత్తిమీదకు వచ్చింది. చేపలు ఎత్తుకోవడానికి ఆడవాళ్ళు తట్టలతో దిగారు, వాళ్ళ ముందు గురమ్మ. సంచి ఇంకా నడుములోతు నీళ్ళలో ఉండగా ఉమాశంకర్ తాడు పట్టుకునే ఆగిపోయాడు.

"మావా, ఏటో మోగతన్నాది."

"ఎక్కడ?"

"సంద్రంలో."

"ఎండకి నీకు బుర్ర తిరిగినాదిరా."

అందరూ చెవులొగ్గారు. అల వెనక్కి తీసిన ప్రతిసారీ, మూత బిగించిన డబ్బాలోంచి సన్నగా, ఇలకోడి కూసినట్టుగా ఒక మోత. ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది.

"ఓలమ్మో, సేపలు మోగతన్నాయర్రా!" అని గురమ్మ తట్ట వదిలేసి బుగ్గలు నొక్కుకుంది.

లక్ష్ముడు ఇక ఆగలేదు. తాడు వదిలి, నీళ్ళలో పడి లేచి, డబ్బాను చేరుకున్నాడు. ముడి విప్పే ఓపిక లేదు. వలకు కట్టిన డబ్బాను కట్టినట్టే ఉంచి మూత తిప్పి, ఫోను తీసి చెవికి ఆనించుకున్నాడు. మిగతావాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆ పాత ఫోనులో ఒక సుగుణం ఉంది, అవతలి మాట ఒడ్డంతా వినిపిస్తుంది.

"ఏటి మావా!" హరిబాబు అరుస్తున్నాడు. "పొద్దుట్నుంచి సేస్తన్నాను. ఆపకుండా మోగతానే ఉన్నాది, ఎత్తవేటి? ఆడపిల్ల! తల్లీ బిడ్డా బాగున్నారు. ఆపరేసను కూడా లేదు. ఏటా సప్పుడు? ఎక్కడున్నావు?"

"వలలో ఉన్నాను బాబూ," అన్నాడు లక్ష్ముడు. అల వచ్చి నడుమును తాకినా కదలకుండా, ఫోనును తల మీదకు ఎత్తి పట్టుకుని, నవ్వుతూ నిలబడిపోయాడు.

గంగులు నీళ్ళలోకి దిగాడు.

"ఒరే లక్ష్ముడూ. నాను సెప్పిందేటి?"

"వల దగ్గరికి ఫోను తేవొద్దన్నావు మావా."

"మరి?"

"నాను తేలేదు. ఇసకలో ఎట్టినాను. వలే వచ్చి తీసుకుపోనాది. అడుగు, ధనరాజ్ ఉన్నాడు గదా."

ధనరాజ్ అప్పుడే ఎంతో అవసరం పడినట్టు పడవ వెనుకకు తప్పుకున్నాడు. మొదట నవ్వింది గురమ్మ. "మనవరాలు పుట్టిన పూట తాత సోటు పీకీసినావంటే, గంగులన్నా, రేపట్నుంచి నీ సేప నాను ఎత్తను," అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

గంగులు నవ్వలేదు. ముఖం చిట్లించుకుని నా వైపు తిరిగాడు. "మేస్టారూ, ఈడి అల్లుడు పొద్దుట్నుంచి మోగతానే ఉన్నాదన్నాడు గదా?"

"అన్నాడు."

"వల నీళ్ళలో ఉన్నంతసేపూ?"

"ఉన్నంతసేపూ."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత, "ముందు సంచి లాగండర్రా," అన్నాడు.

ఒక జట్టు లాగితే కదల్లేదు. రెండు జట్లూ కలిశాయి. తట్టలు కింద పెట్టి ఆడవాళ్ళు కూడా చేతులు వేశారు. చివరకు నేనూ పంచె ఎగగట్టి దిగాను. అప్పుడు వచ్చింది సంచి ఇసుక మీదకు, నోటిదాకా కవళ్ళ చేపలతో, వెండిలా మెరుస్తూ, ఎగిరెగిరి పడుతూ. దాని నెత్తిన, వల దించింది మొదలు మోగుతూనే ఉన్న ఫోనుకు గూడైన బీడీల డబ్బా, మూత లేకుండా.