భుజం కదిలినప్పుడల్లా

పింగాణీ పళ్ళేల కర్మాగారంలో ఆమెను అందరూ గంటమ్మ అనేవారు. పళ్ళెం అంచును కొయ్యపుల్లతో తట్టి, మోతను బట్టి కంటికి కనపడని పగులును పసిగట్టడం ఆమె పని. ఖంగుమంటే మంచిది, బొంగురుపోతే పారవేయవలసినది. అంతకుముందు బట్టీ పంకాల హోరులో చేసిన ఉద్యోగం ఆమె ఎడమ చెవిని పూర్తిగా తినేసింది. ఆ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. అతని కడుపులో మాట దాగదు.

యాజమాన్యం ఏటేటా వినికిడి పరీక్ష జరిపించేది. తప్పినవారిని ఇంటికి పంపేది. చెవులను తినే హోరును మాత్రం తగ్గించేది కాదు. అందుకే పళ్ళేలు తట్టే గదిలోని ఆడవాళ్ళు ఒకరినుంచి ఒకరు ఒక విద్య నేర్చుకున్నారు. అద్దం అవతల పరీక్షకుడు చెవిలోకి శబ్దం పంపే మీట నొక్కినప్పుడు అతని భుజం కదులుతుంది. శబ్దం వినపడకపోయినా అప్పుడు వేలెత్తాలి.

"చెవులతో పనేముందే, కళ్ళుంటే చాలు!" అని తోటి కార్మికురాలు పొట్టక్క నవ్వేది.

తరువాత కుడి చెవికి జబ్బు చేసింది. లోచెవిలో ద్రవం ఎక్కువై, ఉన్నట్టుండి గది గిర్రున తిరిగేది. ఆమె పళ్ళేలతో సహా కూలేది.

"మా ఆవిడ తాగకుండానే తూలుతుంది. నాకు కలిసొచ్చింది," అని భర్త పరాచికం.

"ఒక్కపూట మీ తల తిరిగితే తెలుస్తుంది లెండి."

మందులు పనిచేయలేదు. ఆసుపత్రిలో వినికిడి పరీక్ష పెట్టారు. అద్దం, అవతల తెల్లకోటు, భుజం. ఎడమ చెవి వంతు రాగానే, భుజం కదిలినప్పుడల్లా ఆమె వేలు దానంతటదే లేచింది. నిజం చెబితే కర్మాగారానికి చేరుతుందన్న భయమూ ఉంది.

శస్త్రవైద్యుడు వరండాలో భర్తతో మాట్లాడాడు. రోగి, తెలివి తప్పని మనిషి, లోపల మంచం మీద కూర్చునే ఉంది.

"మనిషిని తూలకుండా నిలిపే భాగాన్ని లోచెవిలోంచి తీసేస్తాం. తల తిరగడం ఆగిపోతుంది. ఆ చెవికి ఇక వినపడదు. రెండోది బాగుంది కాబట్టి ఇబ్బంది లేదు."

భర్త లోపలికి వచ్చాడు. "తిరుగుడు పోతుందట."

"ఇంకేమన్నారు?"

"ఇంకేముంది? అన్నీ నేను మాట్లాడేశాగా. నువ్వు పడుకో."

మిగిలిన వాక్యాన్ని ఎవరైనా ఆమెకు చెప్పి ఉంటే, దాచిన వాక్యాన్ని ఆమె కూడా చెప్పి ఉండేది.

శస్త్రచికిత్స తరువాత చెవికి కట్టుతో కొన్నాళ్ళు తూలింది. కట్టు విప్పాక వరండాలో గోడ పట్టుకోకుండా తిన్నగా నడిచింది. భర్త పెదవులు కదిలాయి, నవ్వాడు. ఏమన్నాడో తెలియకుండానే ఆమె కూడా నవ్వింది. మంచం పక్కనున్న పింగాణీ కప్పును గోటితో తట్టింది. మళ్ళీ తట్టింది. పగిలిందేమోనని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పగులు లేదు.

వెనకనుంచి పిలిచినా ఆమె తిరగకపోవడంతో వైద్యుడికి అనుమానం వచ్చింది. తిరిగి పరీక్ష గదికి తీసుకువెళ్ళారు. ఈసారి పరీక్షకుడు ఆమె కుర్చీని గోడవైపు తిప్పాడు.

ఆమె చూపుడువేలు ఒడిలో సిద్ధంగానే ఉంది. ఎదుట తెల్లటి గోడ. కదిలే భుజం కోసం ఆమె ఆ గోడంతా వెతుకుతూ కూర్చుంది.