ఇసుకను మేసే జీవాలు

జీవాలను ఎంచడంలో లింగయ్యను మించినవాడు మార్కాపురం తాలూకాలోనే లేడని పేరు. పేరున్నవాడికి పొగరుండక మానదు కదా! పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూడకుండానే, నడక చూసి వయసు చెప్పేవాడు. మూతి నేలకానించి మేసేదే మంచి జీవమనీ, తలెత్తి దిక్కులు చూసేది మందకు చేటనీ అతని సిద్ధాంతం. అంతటివాడి మందా ఒక్క వానాకాలంలో మాయదారి రోగమొచ్చి తుడిచిపెట్టుకుపోయింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, లింగయ్య మార్కాపురం హైస్కూల్లో నీళ్ళు మోసే పనికి కుదిరాడు.

ఆ స్కూల్లో సైన్సు మాస్టరు గురుస్వామి. బాపట్ల వైపు మనిషి. సముద్రం ఎరగని పిల్లలకు సముద్రాన్నే తెచ్చి చూపిస్తానని పంతం పట్టాడు. పలకల ఊరు కాబట్టి అడుగుకు పలకరాయి వేయించి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, బల్ల మీద బల్లంత తొట్టి కట్టించాడు. రైల్లో టిన్నులకొద్దీ ఉప్పునీళ్ళు తెప్పించి, ఇసుక పరిచి, చేపలు వదిలాడు. తాగే నీళ్ళకు గతిలేని ఊళ్ళో ఉప్పునీళ్ళకు సేవలేంట్రా అని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ప్రతివాడూ ఒకసారి వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూసిపోయాడు. చేపలకు గాలి ఆడాలని రోజంతా చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోయడం లింగయ్య పని.

రెండు నెలలకు ఇసుక నల్లబడింది. గదిలోకి అడుగుపెడితే మురిగిన గుడ్డు వాసన.

"ఇసుక చచ్చిపోతోంది లింగయ్యా," అన్నాడు గురుస్వామి దిగులుగా. "చేపల పెంట, తినగా మిగిలిన మేత అడుక్కి చేరి కుళ్ళుతున్నాయి. ఇసుకను తిరగదోడి, అందులో ఉన్నది తిని శుభ్రం చేసే జీవాలు కావాలి. సముద్రంలో చాలా ఉన్నాయి. నత్తలు, సన్యాసి పీతలు, సముద్ర దోసకాయలు."

"అంటే ఇసుక మీద మంద తోలాల సారూ?"

"అంతే అనుకో," అని నవ్వాడు మాస్టరు.

ఆ మాటతో లింగయ్యకు ప్రాణం లేచొచ్చింది. మంద పోయాక అతన్ని జీవాలను ఎంచమని అడిగినవాడు లేడు. పైగా నెలాఖరుకు కర్నూలు నుంచి స్కూళ్ళ తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. తొట్టి చూసి ఆయన మెచ్చుకుంటే లింగయ్య ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని హెడ్మాస్టరు మాటిచ్చాడు. తీరా బాపట్లకు బయల్దేరాల్సిన రోజున గురుస్వామికి చలిజ్వరం తగులుకుంది. ఎరిగిన బెస్తామె పుష్పమ్మకు చీటీ రాసిచ్చి, లింగయ్యనే పంపాడు.

పుష్పమ్మ ఒడ్డున తడిగంప దించి, చీటీలో ఉన్నవన్నీ చూపించింది. గుప్పెడు బుల్లి నత్తలు, ఆరు సన్యాసి పీతలు, వంకాయల్లా మెత్తగా పడున్న రెండు సముద్ర దోసకాయలు. లింగయ్య కంటికి ఒక్కటీ ఆనలేదు. ఇవేం జీవాలు, చీదర! అతని కళ్ళు పక్కనున్న ఇంకో గంప మీద పడ్డాయి. అందులో బెత్తెడు పొడవున్న నత్తలు రెండు, మీగడరంగు పెంకు మీద చింతపిక్క రంగు గళ్ళతో నిగనిగలాడుతున్నాయి.

"అయ్యి ఒద్దులే అన్నా," అంది పుష్పమ్మ. "మంచియ్యి కావు. పెంకులు కొనేవోళ్ళకని ఉడకేద్దామని తెచ్చా."

లింగయ్య లోలోపల నవ్వుకున్నాడు. ఎన్ని సంతలు చూడలేదు! అమ్మేవాడు ఏ జీవాన్ని చూపించి "అది వద్దులే మామా" అంటాడో, అదే మందకు మూలమని గొర్రెల సంతలో పసిపిల్లాడికి కూడా తెలుసు. పుల్లతో ఒకదాన్ని తడి ఇసుకలోకి దొర్లించి చూశాడు. అది మూతి నేలకానించి, చూస్తుండగానే ఇసుకలోకి దిగిపోయింది. ఇంకేం కావాలి?

"రెండూ ఇయ్యక్కా. ఒంటి జీవం బెంగ పెట్టుకుంటాది. జతగానే తీసుకుంటా."

"చేత్తో ముట్టుకోకూడదు అయ్యి. మా చిన్నాయన ఒకదాన్ని పంచె ఒడిలో ఏసుకుని పడవ దిగాడు, ఇంటికి రాలా."

బేరం పెంచడానికి చిన్నాయన్ని కూడా చంపుతారు వీళ్ళు, అనుకున్నాడు లింగయ్య. భుజాన ఉన్న కొత్త తువ్వాలు తీసి, వాటి ఖరీదు కింద ఆమె చేతిలో పెట్టాడు. చీటీలో ఉన్నవాటికి తోడు ఆమె కొబ్బరిచిప్పతో ఆ రెండింటినీ ఎత్తి టిన్నులో వేసింది.

"ఇవి నేను రాయలేదే. ఆమే ఇచ్చిందా?" అనడిగాడు గురుస్వామి, తొట్టిలోకి వంగి చూస్తూ. ఆయన పుస్తకాల్లో వాటి బొమ్మ లేదు.

"ఆమే ఏరి ఇచ్చినాది సారూ."

"ఏమైనా చెప్పిందా వీటి గురించి?"

"ఏం చెప్పలే."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం అట్లాగే అతికింది. వారం తిరిగేసరికి ఇసుక తెల్లబడింది, వాసన పోయింది. ఆ చాకిరీ అంతా చేసింది అతను చీదరించుకున్న దోసకాయలూ బుల్లి నత్తలూనే. పేరు మాత్రం గళ్ళ నత్తలు కొట్టేశాయి, రాగానే ఇసుకలో దిగి అవి మళ్ళీ కనబడకపోయినా సరే! ప్రతి శనివారం మాస్టరు చొక్కా చేతులు మడిచి, ఇసుకలో చేయి పెట్టి కలియబెడుతూ పిల్లలకు పాఠం చెప్పేవాడు. లింగయ్య మీసం దువ్వుకుంటూ పక్కన నిలబడేవాడు.

తర్వాత చేపలు తగ్గసాగాయి. తొమ్మిదిలో ఏడు మిగిలాయి, ఏడులో నాలుగు. చచ్చి తేలిందీ లేదు, ముల్లు దొరికిందీ లేదు. పిల్లి పని కాబోలని మాస్టరు పైన పలకరాయి మూయించాడు. మర్నాటికి మూడే ఉన్నాయి.

ఆఫీసరు రావడానికి ముందురోజు, తెల్లారుతుండగా వచ్చి లింగయ్య మూత తీశాడు. ఇసుకలోంచి ఒక గళ్ళ నత్త సగం పైకి లేచి ఉంది. దాని నోరు సంచి మూతిలా వెడల్పుగా తెరుచుకుంది. ఆ నోట్లోకి చేప నిదానంగా పోతోంది. కొండచిలువ గొర్రెపిల్లను మింగడం చూశాడు లింగయ్య. గొర్రెపిల్ల తన్నుకుంది, అరిచింది. ఈ చేప తోక కూడా ఆడించలేదు. కళ్ళు తెరుచుకునే లోపలికి పోయింది. నత్త నోరు మూసుకుని మళ్ళీ ఇసుకలోకి దిగింది. దిగినచోట గుర్తు కూడా మిగల్లేదు.

లింగయ్య గబుక్కున మూత వేసేశాడు. తోడేళ్ళను జతగా ఏరి, చంకనెత్తుకుని తెచ్చి మందలో కలిపాడు!

ఇంటికి పోయి భార్య మస్తానమ్మకు సముద్రం ఒడ్డున జరిగిందంతా చెప్పాడు. ఆమె చేతిలో పని వదిలేసింది.

"ఏందయ్యా నువ్వు చేసిన పని? ఇప్పుడే పోయి సారుకు చెప్పు. ఆ మారాజు వారం వారం దాంట్లో చెయ్యి పెడతా ఉంటే, నువ్వు చూస్తా నిలబడినావా?"

"చెప్తే నౌకరీ ఉంటాదా? ఈ పొద్దంతా ఆడ పిల్లకాయలుంటారు. రేపు పొద్దున్నే పోయి చిప్పతో రెండూ తీసి పారేస్తా. ఎవురికీ తెలియదు."

"పోతే పోనీ నౌకరీ! మనిషి కంటే ఎక్కువనా?"

చెప్పి ఉంటే అయిపోయేది. కానీ సంతల్లో నలుగురూ పిలిచి పీట వేసిన మనిషి, తాను ఎంచింది తప్పని ఎట్లా ఒప్పుకుంటాడు?

మర్నాడు చిప్పా బకెట్టూ పట్టుకుని పోయేసరికి గది నిండా జనం. ఆఫీసరు చెప్పిన వేళకంటే ముందే దిగాడు. గురుస్వామి అప్పటికే చొక్కా చేయి మడుస్తున్నాడు.

"ఇసుకలో దాగిన జీవాలను ఇప్పుడు చూపిస్తాను సార్."

"నేను తీస్తా సారూ!" అని లింగయ్య జనాన్ని తోసుకుని వచ్చాడు. చిప్పతో ఇసుక దేవాడు. నీళ్ళు మసకబారాయి. చిప్ప రెండుసార్లు జారింది. పక్కనుంచి ఆఫీసరు గొంతు సవరించుకుంటున్నాడు. లింగయ్య చిప్ప వదిలేసి చేత్తోనే తడిమి, ఒకదాన్ని పట్టి, బకెట్లోకి విసిరి దాని మీద పలక మూశాడు. వేలి మీద చీమ కుట్టినట్టయింది, అంతే. నొప్పి లేదు. ఇంతేనా, అనుకున్నాడు.

ఆఫీసరు సముద్రపు నీళ్ళ గురించి, ఖర్చు గురించి ప్రశ్నలు వేశాడు. మాస్టరు ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. లింగయ్య రెండోదాని కోసం చేయి చాచబోతే చేయి తనది కానట్టుంది. మోచేతి దాకా మొద్దుబారింది. తర్వాత పెదవులు. ఎదురుగా ఉన్న ఆఫీసరు ఇద్దరుగా కనిపించాడు.

"చాలు లింగయ్యా, రెండోది నేను తీస్తాలే," అని గురుస్వామి నీళ్ళలో చేయి పెట్టాడు.

వద్దు సారూ, అనబోయాడు లింగయ్య. నాలుక కదల్లేదు. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది.

"తాగి వచ్చాడా ఏమిటి?" అన్నాడు ఆఫీసరు. హెడ్మాస్టరు మొహం మాడిపోయింది.

మాస్టరు వేళ్ళు ఇసుక మీద పాకుతున్నాయి. జానెడు దూరంలో ఇసుక కొద్దిగా పైకి ఉబ్బింది. లింగయ్య ఉన్న బలమంతా కూడదీసుకుని తొట్టి మీద పడ్డాడు. బల్లతో సహా తొట్టి బోర్లాపడి బద్దలైంది. మాస్టరు వెల్లకిలా పడ్డాడు.

"ఒరేయ్, ఏం చేశావురా!" గురుస్వామి గొంతులో ఏడుపు. "చేపలు! పిల్లలూ, చేపల్ని ఏరండి, త్వరగా!"

పిల్లలంతా వంగారు. ఎన్ని చిన్న చేతులు! తడి ఇసుకను తోడుతున్నాయి, తడుముతున్నాయి. లింగయ్య చెంప నేలకానించి పడున్నాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి. ఆ సందులోంచి, మూరెడు దూరంలో, గళ్ళ పెంకు ఇసుకలోకి దిగడం కనిపించింది. ఎవరి పాపో ఒకతి అక్కడే చేయి పెట్టబోతోంది.

ఇంకా మాట వినే చేయి ఒక్కటే ఉంది, ఎడమది. దాన్ని ఈడ్చుకుంటూ పోయి, ఆ పాప వేళ్ళకంటే ముందు ఇసుకలోకి గుచ్చి, నత్తను పిడికిట్లోకి తీసుకున్నాడు.

"తాగుబోతు సచ్చినోడా!" అని ఎవరో అతని భుజాన్ని కాలితో నెట్టారు. పిడికిలి విప్పమన్నారు. అతను విప్పలేదు. అరచేతిలో రెండోసారి కుట్టిన సంగతి లింగయ్యకు తెలియలేదు.