ఒకే బిందెలో ఇద్దరు ఛాంపియన్లు

మా అన్న శంకర్రావు జన్మలో ఎవరినీ ఒక్క గుద్దు గుద్దిన మనిషి కాదు. ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. కానీ సాయంత్రం మా ఇంటి దగ్గరి ఫోరస్ రోడ్ మీద చాయ్ గ్లాసు చేతికొచ్చిందంటే చాలు, లోకంలోని బాక్సర్లందరినీ తనే రింగులోకి దించుతాడు. అదీ సరిజోడును కాదు. యాభై కిలోల ఛాంపియన్‌కీ వంద కిలోల ఛాంపియన్‌కీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారు? ఇదీ ఆయన బెంగ. ఇంట్లో నల్లా కారుతోందని వదిన మొత్తుకుంటుంటే మాత్రం ఆయనకు ఏ బెంగా ఉండదు.

ఆయన తీర్పులో గెలుపు ఎప్పుడూ బరువుదే. చిన్నోడు ఎన్ని గుద్దినా పెద్దోడిది ఒక్కటి తగిలితే సరి అంటాడు. ముందు తగలాలి కదా అంటాను నేను. దాంతో ఒంటిగది ఇళ్ళ మా చాల్ మొదటి అంతస్తు అంతా రెండు పార్టీలయ్యేది.

తమాషా ఏమిటంటే, ఆయన కూతురు సీమా నలభై ఎనిమిది కిలోల తరగతిలో జిల్లా ఛాంపియన్. మాటల్లో కన్నకూతురిని కూడా ఓడించేవాడు మా అన్న. ఆ పిల్ల తండ్రికి ఏనాడూ ఎదురు చెప్పలేదు. అదే క్లబ్బులో తొంభై కిలోల పైబడిన వాళ్ళ ఛాంపియన్, ఫాక్‌లాండ్ రోడ్ చాల్‌లో ఉండే మన తెలుగువాళ్ళబ్బాయి ప్రథమేశ్‌ను ప్రేమించి ఊరుకుంది. పెళ్ళి కుదిరినప్పుడు మా అన్నకు, తను కోరుకున్న పోటీ నడిచి ఇంటికొచ్చినట్టయింది.

చిక్కంతా ప్రథమేశ్ తల్లి రత్నాబాయితో వచ్చింది. ఒక ఇంటికి ఒక్క బాక్సర్ చాలని నిశ్చితార్థం నాడే తేల్చి చెప్పింది. కొడుకు మూతి వాచి వచ్చిన రోజులు చాలా చూసింది, కోడలిది కూడా చూడటం ఆమె వల్ల కాదట. తర్వాత సీమా నా గదికి వచ్చి గోడకానుకుని కూర్చుంది.

"అత్తా, బాక్సింగ్ ఇడిస్తే ఇంక నేనేం జెయ్యాలె?" అంది.

పెళ్ళి బాగానే జరిగింది. తలంబ్రాలయ్యాక బిందె ఆట. నీళ్ళలో ఉంగరం వేస్తారు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకేసారి చేతులు పెట్టి వెతకాలి. గెలిచినవాళ్ళ మాటే ఇంట్లో చెల్లుతుందని మావాళ్ళ నమ్మకం. హాలువాళ్ళ వెడల్పు గంగాళం మజ్జిగకు పోవడంతో మా అన్న ఇంటికి పరుగెత్తి సన్నమూతి రాగిబిందె తెచ్చాడు. రత్నాబాయి మంచి హుషారులో ఉంది. అందరి ముందూ కోడలితో అంది: "నువ్వు గెలిస్తే ప్రాక్టీస్‌కు పో. ఓడినవా, ఆ గ్లోవ్స్ పెట్టెల వెట్టు." అందరం నవ్వాం. సీమా నవ్వలేదు.

మూడు ఆటలు. మొదటిది ప్రథమేశ్‌దే. ఆ అరచెయ్యి బిందెలోకి దిగాక ఇంకొకరికి చోటెక్కడిది? ఉంగరాన్ని రెండు వేళ్ళ మధ్య ఇరికించి లాగాడు. రెండోది సీమా సందు చూసి లాగేసింది. మూడోసారి నీళ్ళు చిమ్మి పంతులుగారి పంచె తడిసింది గానీ, ఉంగరంతో పైకొచ్చింది సీమా చెయ్యే. మా ఆడవాళ్ళం ఈలలు వేశాం. రత్నాబాయి మాట తప్పే మనిషి కాదు, సరేనని తలూపింది.

అక్కడితో ఆగితే అందరికీ బాగుండేది. సీమా మొగుడి వైపు తిరిగింది. "కావాలనే ఇడిచినవా?"

ప్రథమేశ్‌కు అబద్ధం రాదు. చెవులు ఎర్రబడ్డాయి. "దొరికింది గానీ... నీకు ప్రాక్టీస్ గావాలె గదా."

ఉంగరాన్ని సీమా మళ్ళీ బిందెలో పడేసింది. "మళ్ళా ఆడు. ఈసారి ఇడిస్తే నీతోని మాట్లాడ."

నాకు ఒళ్ళు మండింది. చేతికొచ్చినదాన్ని నీళ్ళపాలు చేసుకునే పిల్లను ఏమనాలి? ఆపబోతే మా అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు బిందె మీదే ఉన్నాయి.

మళ్ళీ ఆడారు. ఈసారి ప్రథమేశ్ నిజంగానే వెతికాడు, నిజంగానే పట్టుకున్నాడు. కాకపోతే జారిపోకుండా ఉంగరం బిగించిన పిడికిలి ఆ సన్నమూతిలోంచి బయటికి రాలేదు. లాగాడు, తిప్పాడు, చివరికి బిందెతో సహా లేచి నిలబడ్డాడు. పిడికిలి విప్పితే చెయ్యి వస్తుంది, విప్పితే పెళ్ళాం మాట్లాడదు. హాలంతా పడీ పడీ నవ్వింది.

"నువ్వే గెలిచినవ్. ఇంక ఇడువు," అంది సీమా. తర్వాత రత్నాబాయి వైపు తిరిగింది. "ఓడిన, అత్తమ్మా." తడిచేతులు చీరకు తుడుచుకుంది.

పిడికిలి విప్పి చెయ్యి బయటికి తీశాక, రత్నాబాయి కొడుకు మణికట్టు మీద పడిన ఎర్రటి గాటుకు నూనె రాస్తూ కోడలినే చూసింది.

"ప్రాక్టీస్ పొద్దుగాల ఎన్ని గంటలకు?"

"ఐదున్నరకు," అంది సీమా అర్థంకాక.

"అయితే ముందుగాల నన్ను లేపు. ఉత్త కడుపుతోని పోవద్దు."

పెళ్ళిలో ఎక్కడా ఏడవని ఆ పిల్ల, అత్తగారి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.