నాయకుడు రాని వీధి

తుఫానుకు కళింగపట్నం పల్లిపేటలో పడవలన్నీ ముక్కలైన ఏడాది, ఒక పెద్ద నాయకుడు చూడటానికి వస్తున్నాడన్నారు. పేటవాళ్లు వీధి కడిగి, ముగ్గులేసి, చిరిగిన వలలు గుమ్మాల ముందు పరిచి ఎదురుచూశారు. కార్లు మాత్రం బడి మైదానానికి పోయాయి. అక్కడ తొక్కిసలాట జరిగి, దానిమీద విచారణ వేశారు. ఆనాటినుంచి, నాయకుణ్ణి తమ వీధికి రానివ్వలేదని, ఎండుచేపలమ్మే జగ్గమ్మ ఆఫీసర్లను తిట్టని రోజు లేదు.

నాలుగేళ్లకు, ఆ పర్యటన ఎలా ఏర్పాటు చేశారో విచారణలో చెప్పినవాళ్ల వాంగ్మూలాలు ప్రభుత్వం బయటపెట్టింది. అవి అక్కకూతురు యమున ఫోనులోకి వచ్చాయని తెలిసి, జగ్గమ్మ చేపలు ఆరబెట్టడం ఆపి మరీ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"సదువే అమ్మా. మన ఈదికి రానియ్యని ఆ మారాజు ఎవుడో సూద్దాం."

ఇంటర్ చదివే యమునకు నలుగురిలో నోరు పెగలదు. అయినా చదవసాగింది. పక్కనే ఆమె తండ్రి కూర్మయ్య వల బాగుచేసుకుంటున్నాడు. పేటకు పెద్ద ఆయనే. కాసేపటికి ఆయన వాంగ్మూలం వచ్చింది. యమున కళ్లు నోటికంటే ముందు పరుగెత్తి, ఒకచోట ఆగిపోయాయి.

"మీ అయ్య ఏటి సెప్పినాడే?"

"మన వీధికే రమ్మన్నాడట, పిన్నీ."

"మా బావ కాబట్టి అడిగినాడు!" జగ్గమ్మ కళ్లు చెమర్చాయి. "ఇంకెవుడు అడుగుతాడు మనకోసం?"

కూర్మయ్య చేతిలో దారం ఆగింది.

"ఒగ్గేసిన మాట సదువమ్మా."

యమున తల అడ్డంగా ఊపింది.

"సదువు. నా నోటితో నాను సెప్పలేను."

యమున తల వంచుకుని చదివింది. "మొదట మా వీధికే వస్తామన్నారు. అక్కడ ఎండుచేపల కంపు. అంతటి మనిషి ముక్కు మూసుకుంటే మాకు తలవంపులు. మైదానానికి తీసుకెళ్లమని ఆఫీసర్లకు నేనే చెప్పాను."

జగ్గమ్మ కూర్మయ్య వైపు తిరిగింది.

"నిన్న మీ ఇంటికాడ కూరేటి, బావా?" అంది. "నాను పంపిన ఎండుచేపలే కదా?"

కూర్మయ్య వల మీదికి ఇంకా వంగిపోయాడు. తనూ ఆ మాట దాచబోయినందుకు సిగ్గుపడి యమున ఫోను బోర్లించేసింది.

వెళ్లేముందు యమున బుగ్గ పుణకడం జగ్గమ్మకు అలవాటు. ఇవాళా చెయ్యి చాపింది. మధ్యలోనే ఆపి, కొంగుకు తుడుచుకుని, ముట్టకుండానే వెళ్లిపోయింది.