నాలుగు వందల పదిహేడో చీర

మూడోసారి సర్వర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ స్విచ్ వేశాడు చిన్నప్ప. పెనుకొండలో బట్టల కొట్టు మీద ఉన్న ఆ గదిలో ఏసీ చలికి ఎండాకాలంలో కూడా మంకీటోపీ తియ్యడు. వంగీ లేచీ మోకాళ్ళు పట్టేశాయి.

ధర్మవరం పట్టుచీరలను ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న కంపెనీ అది. చీరల ఫొటోలు, వివరాలు ఉండే సర్వర్లు రెండు. ఒకటి పెనుకొండలో, ఒకటి హిందూపురంలో. ధర్మవరం ఆఫీసులోని రివర్స్ ప్రాక్సీ వాకిట్లో నిలబడ్డ మనిషిలాంటిది. వచ్చినవాళ్ళను ఈ రెండింటిలో ఒకదానికి పంపుతుంది. పాపం, ఏది లేచి ఉందో ఏది పడిపోయిందో దానికి తెలియదు. అందుకే పన్నెండేళ్ళుగా చిన్నప్ప రోజూ ఎనిమిదింటికి పెనుకొండ సర్వర్‌ను చూసి, కంపెనీ ఇచ్చిన బటన్ ఫోన్‌లో రెండో నంబరు నొక్కిపట్టి ధర్మవరం ఆఫీసుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. కాల్ రాకపోతే అందరినీ హిందూపురానికి తిప్పుతారు.

ఇప్పుడు ప్రాక్సీయే పది సెకన్లకోసారి అడిగి తెలుసుకునేలా హెల్త్ చెక్ పెడుతున్నాడు ఇంజనీరు పవన్ కుమార్. అది కుదిరిన రోజే చిన్నప్పకు ఆఖరి రోజని పోయిన వారమే చెప్పేశారు. తీరా చూస్తే కుదరడం లేదు. ప్రాక్సీ తెర మీద పెనుకొండ పచ్చగా మెరుస్తోంది. కొనేవాళ్ళకు మాత్రం ఖాళీ పేజీ వస్తోంది. ఈ పొద్దు చిన్నప్ప మిస్డ్ కాల్ ఇవ్వలేదు. కొత్త చెక్ ఉందిగదా అని ఎవరూ పట్టించుకోలేదు. పవన్ ఫోన్ చేసి నాలుగోసారి ఆపి వెయ్యమన్నాడు.

చిన్నప్పకు ఒళ్ళు మండింది. తప్పెక్కడుందో ఆయనకు పొద్దున్నే అర్థమైంది. నోరు మూసుకుంటే ఇంకో నెల ఉద్యోగం గడిచిపోతుంది. కానీ పని ఇంత అధ్వానంగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు.

"నువ్వు దాన్ని ఏమని అడుగుతాండావప్పా?"

"ఉండావా అని అడుగుతాండానన్నా. ఉండానంటాండాది."

"వాకిట్లో నిలబడి ఉండానని ఎవురైనా అంటారు. లోపల్నుంచి చీర తీసి చూపియ్యమను. నేను ఏ పొద్దూ లైటు చూసి కాల్ ఇయ్యలే. నాలుగు వందల పదిహేడో చీర తెరిచి, ఫొటో వస్తేనే ఇచ్చినా."

"ఆ చీరే ఎందుకన్నా?"

"అది ఎప్పుడో అమ్ముడుపోయిండాది. దాని జోలికి ఎవురూ పోరు."

చనిపోయిన భార్య సావిత్రమ్మ మగ్గం మీద నేసిన ఆఖరి చీర అదేనని మాత్రం చెప్పలేదు.

పవన్ ఆ చీర పేజీనే అడిగేలా చెక్ మార్చాడు. నిమిషంలో పెనుకొండ ఎర్రబడింది. వచ్చినవాళ్ళంతా నేరుగా హిందూపురం సర్వర్‌కు వెళ్ళి చీరలు చూసుకున్నారు. పెనుకొండ లేదని ఒక్కరికీ తెలియలేదు. సాయంత్రం పవన్ పెనుకొండ సర్వర్‌లో చీరల వివరాలు దాచే డేటాబేస్‌ను బాగుచేశాక అది తనంతట తానే పచ్చబడింది. థాంక్స్ చెప్పి, తాళం కింద కొట్లో ఇచ్చి పొమ్మన్నాడు.

ఇక పది సెకన్లకోసారి ఆ ప్రాక్సీ సావిత్రమ్మ చీరను అడుగుతూనే ఉంటుంది. సంతోషించాలో ఏడవాలో చిన్నప్పకు తెలియలేదు. ఎక్కువగా కోపమే వచ్చింది. మంకీటోపీ జేబులో కుక్కుకుని ధర్మవరం బస్సెక్కాడు.

గదిలో సర్వర్ మీద బటన్ ఫోన్ ఉండిపోయింది. రోజూ నొక్కీ నొక్కీ దాని రెండో నంబరు బొత్తాం మీద అంకె పూర్తిగా అరిగిపోయి ఉంది.