కాటమయ్య పాదం

కాటమయ్య కుడికాలి మడమ పక్కన తుమ్మముల్లు ఎప్పుడు దిగిందో ఎవరికీ గుర్తు లేదు. గుర్తుంచుకోవలసినంత సంగతీ కాదు. నార్కట్‌పల్లి దగ్గరి ఆ ఊళ్ళో కల్లుగీసేవాళ్ళు చెప్పులు లేకుండానే తాటివనమంతా తిరుగుతారు. ముల్లు దిగితే పిన్నీసుతో తీసి పారేసి మళ్ళీ చెట్టెక్కుతారు. కాటమయ్య కూడా అంతే చేశాడు.

ఆ తర్వాత ఎన్నాళ్ళకో మడమ దగ్గర గట్టిగా ఒక గడ్డ తేలింది. నొక్కినా నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బనుకునే అలవాటు కాటమయ్యకు లేదు. పొద్దు పొడవకముందే మోకు భుజాన వేసుకుని వనానికి పోయేవాడు. ఆ మోకును నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకుని, పాదాలకు బంధం వేసుకుని, అరికాళ్ళతో చెట్టును పట్టి ఎక్కుతుంటే కిందున్నవాళ్ళు మాట్లాడటం ఆపి చూసేవాళ్ళు. ఆ చుట్టుపక్కల అంత ఎత్తు చెట్లను అంత తేలిగ్గా ఎక్కేవాడు మరొకడు లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

గడ్డ మాత్రం ఊరుకోలేదు. ఏడాదికేడాది పాదం లావెక్కింది. దాని మీద చిన్న చిన్న రంధ్రాలు పడ్డాయి. ఒకటి మూసుకుంటే ఇంకొకటి తెరుచుకునేది. వాటిలోంచి చీము, చీముతో పాటు ఆవగింజ కన్నా చిన్నవైన నల్లటి గింజలు వచ్చేవి. ఊళ్ళో సూదులు వేసే అతను వేసినన్ని సూదులు వేశాడు. నాలుగు రోజులు ఎండినట్టు ఉండేది, మళ్ళీ మొదటికే వచ్చేది.

చివరికి పాదాల బంధం కుడికాలికి పట్టడం మానేసింది. అయినా ఎక్కాడు. ఒక పొద్దున చెట్టు సగం మీద అరికాలు జారింది. మోకు పట్టుకోబట్టి కింద పడలేదు గానీ ఛాతీ అంతా చెక్కుకుపోయింది. పక్క చెట్టు మీదున్న గురవయ్య గబగబా దిగి వచ్చాడు. చిన్నప్పటి నుంచి కలిసి గీసినవాళ్ళు ఇద్దరూ.

"బావా, ఇగ ఎక్కకు. నీ చెట్లు నేను చూస్త గని, నువ్వు జర కాలు సంగతి చూసుకో" అన్నాడు.

పట్నం దాకా పోయి ఒక ప్రైవేటు దవాఖానలో చూపించుకుంటే, ఆపరేషన్ల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక అక్కడక్కడా తినేసినట్టు ఉందన్నాడు. ఇంకా పైకి పాకకముందే చీలమండ పైన కాలు తీసేయడం మంచిదని చెప్పి, తేదీ కూడా రాసిచ్చాడు.

కాటమయ్య బస్సులో తిరిగొచ్చాడు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక, ఎదురుగా గోడకు వేలాడుతున్న మోకును చూస్తూ, "అది గురవయ్యకియ్యి" అన్నాడు భార్యతో.

నర్సింగమ్మ మోకు వైపు చూడనైనా లేదు. "ఇయ్య. కోసెటోళ్ళు యాడికి పోతరు? ఎప్పుడు పోయినా కోస్తరు. కోసేముందుగాల ఇంకొక్కరికి చూపిద్దాం. నల్లగొండ పెద్ద దవాఖానకు పోదాం పా."

"ఎవలు చూసినా గదే చెప్తరు."

"గదే చెప్పనీ. ఇన్నొస్తం."

అది కరోనా సద్దుమణిగిన ఏడాది. దవాఖానలో చీటీ రాసేచోట ఏం బాధని అడిగితే, కాలి మీద పుండ్లని చెప్పింది నర్సింగమ్మ. పుండ్లంటే చర్మమే కదా అనుకుని అక్కడివాళ్ళు చర్మవ్యాధుల విభాగానికి పంపారు. అలా వాళ్ళు డాక్టర్ కరుణ ముందుకు వచ్చి కూర్చున్నారు. చిన్న వయసు మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం చురుకు.

ఆమె పాదాన్ని చేతిలోకి తీసుకుని కట్టు విప్పింది. అందరూ కట్టు విప్పగానే పుండును చూసేవాళ్ళు. ఈమె విప్పిన గుడ్డను వెలుతురులోకి పట్టుకుని చూసింది. దానికి అంటుకుని నాలుగైదు నల్ల గింజలున్నాయి.

"ఇవెప్పటి నుంచి వస్తున్నయి?"

"శానా ఏండ్ల సంది డాక్టరమ్మా."

"ఎవరన్న వీటిని పరీక్షకు పంపిన్రా?"

"కడిగి పారేసెటోళ్ళు" అన్నాడు కాటమయ్య.

కరుణ ఒక గింజను సూదితో తీసి గాజుపలక మీద పెట్టి, ఏదో మందు చుక్క వేసి, మీద ఇంకో సన్నటి పలక పెట్టి నలిపింది. పక్కగదిలోని మైక్రోస్కోపు కింద కాసేపు చూసింది. తిరిగొచ్చి, "మీరొచ్చి చూడండి కాటమయ్యా" అంది.

కాటమయ్య కుంటుకుంటూ పోయి, ఒక కన్ను మూసి చూశాడు. గోధుమరంగు దారాలు కొమ్మలు కొమ్మలుగా చీలి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి.

"ఏందమ్మా ఇవి? చెట్టు ఏర్ల లెక్కున్నయి."

"అట్లనే అనుకోండి. ఇది ఫంగస్, అంటే బూజు. మట్టిలో ఉంటది. ముల్లు పట్టుకుని మీ కాలి లోపలికి వచ్చింది."

కాటమయ్య మైక్రోస్కోపు మీంచి కన్ను తీశాడు. "కరోనప్పుడు మందికి కండ్లు తీసేసిన్రు, గా ఫంగసేనా?"

"కాదు, అది వేరే రకం. అది రోజుల్లో మనిషిని తింటది. ఇది ఏండ్లు పట్టి పాకుతది. అదే మనకు కలిసొచ్చేది. దీనితోని కొట్లాడేందుకు టైముంది."

"మరి గన్ని సూదులేసిన్రు గదమ్మా, ఒక్కటన్న పనిచెయ్యకపాయె" అంది నర్సింగమ్మ.

కరుణ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ సూదులు బ్యాక్టీరియాను చంపేటియి. బూజు బ్యాక్టీరియా కాదు. చెప్తే నవ్వుతరేమో గని, బూజు మన ఒంటికి దగ్గరి చుట్టం. దాని కణమూ మన కణమూ చాలావరకు ఒక్కతీరుగనే ఉంటయి. అందుకే దాన్ని చంపుడు కష్టం. దానికి తగిలే దెబ్బ మనకు తగలొద్దు గద. కని ఒక్క తేడా ఉంది. బూజు తన ఒంటి చుట్టూ ఉండే పొరను ఒక రకం కొవ్వుతోని కట్టుకుంటది. ఆ కొవ్వు మన ఒంట్ల ఉండదు. మీకు నేనిచ్చే మందు, బూజును ఆ కొవ్వు తయారు చేసుకోనియ్యదు. పొర సరిగ్గ లేకుంటె అది పెరగలేదు, పాకలేదు. మెల్లమెల్లగ ఎండిపోతది."

"అయితె కాలు కోసుడు లేదా?" నర్సింగమ్మ అడిగింది.

"మాటియ్యను. ఎముకను తాకింది. కని మొత్తం తినలేదు. ముందు ఈ మందు పని చెయ్యనిద్దాం. ఏడాదో, ఇంకెక్కువో పట్టొచ్చు. నడుమల ఆపితే మాత్రం మళ్ళీ లేస్తది. మందు కాలేయానికి బరువు, అందుకని అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలె. కల్లు, సారా ముట్టొద్దు."

కాటమయ్య చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "కల్లు గీసెటోన్ని కల్లు తాగొద్దంటవా డాక్టరమ్మా?"

"గీయండి. తాగకండి."

ప్రయోగశాల రిపోర్టు కూడా కరుణ మాటనే నిజం చేసింది. మందు దవాఖానలోనే ఇప్పించింది. ఇంటికొచ్చిన రోజు నుంచి నర్సింగమ్మ ఆ మందు బిళ్ళలను పసిపిల్లను చూసినట్టు చూసుకుంది. పొద్దున్నే లేచి, తన చేత్తో మింగించిగానీ వేరే పనికి పోయేది కాదు.

కానీ కాలు మారలేదు. నెలలు గడిచాయి. రంధ్రాలు అలాగే ఉన్నాయి. చలికాలంలో కొత్తగా ఇంకొకటి తెరుచుకుంది. దాన్ని చూసిన రోజు కాటమయ్య అన్నం ముట్టలేదు.

"నా కల్లు పాయె, నా చెట్లు పాయె. ఇగ ఈ గోళీలెందుకే? ఆ తేదీకే కోపిచ్చుకుంటె ఈ పాటికి కట్టెకాలు పెట్టుకోని తిరుగుతుంటి."

"ఈ ఒక్కపారి డాక్టరమ్మకు చూపిద్దాం. ఆమె కూడ కోయాలంటె కోపిద్దాం" అంది నర్సింగమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకే నమ్మకం లేదు.

కొత్త రంధ్రాన్ని చూసి కరుణ మొహం కూడా మారింది. మందు మార్చాలా, మోతాదు పెంచాలా అని తనలో తను లెక్కలు వేసుకుంది. మార్చేముందు ఎందుకో ఆగి అడిగింది.

"మందు ఎట్లేసుకుంటున్నరు? జర మొత్తం చెప్పండి."

నర్సింగమ్మే గర్వంగా జవాబిచ్చింది. "నేనే ఇస్తనమ్మా, ఒక్కనాడు తప్పలే. బలమైన మందు గదా, కడుపుల మంట లేస్తదని ముందుగాల గ్యాసు మందు తాపిస్త. గా గులాబీరంగుది. తాపిచ్చి, పరిగడుపునే గోళీ మింగిపిస్త. తర్వాతనే చాయ్."

కరుణ కలం కింద పెట్టేసింది.

"దొరికింది" అంది. ఆ మాట వాళ్ళతో అన్నదో తనతో తను అనుకున్నదో తెలియలేదు. "నర్సింగమ్మా, ఈ మందు కరగాలంటె కడుపుల పులుపు కావాలె. గ్యాసు మందు చేసేదే ఆ పులుపును చంపుడు. మీదికెల్లి పరిగడుపు, బువ్వ మీద అయితెనే మంచిగ కరుగుతది. మీరు మింగిపిచ్చిన మందు చాలావరకు కరగకుండనే బయటికి పోయింది. కాలు దాకా చేరనే లేదు."

నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతులతోని నేనే చెడగొట్టిన్నా అమ్మా?"

"మీరు చెడగొట్టలే. మొదటి రోజే నేను అడిగి చెప్పాలె. నేను చెప్పలే." కరుణ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "కని ఇది మంచి వార్త. అర్థమైందా? మందు ఓడిపోలే. మందు ఇంక కొట్లాటకే పోలే. ఇయ్యాల నుంచి పోతది. గ్యాసు మందు బంద్. కడుపునిండ బువ్వ తినంగనే గోళీ. పులుసు పోసుకుని తిన్నా మంచిదే."

అప్పటి నుంచి వాళ్ళింట్లో చింతపండు పులుసు లేని పూట లేదు. కాటమయ్య కడుపు నిండా తిని, చెయ్యి కడగకముందే మందు మింగేవాడు.

ఎండలు ముదిరేసరికి మొదటి రంధ్రం ఎండింది. మళ్ళీ తెరుచుకుంటుందని ఎదురుచూశారు. తెరుచుకోలేదు. రెండోది మూసుకుంది. ఒకనాడు నర్సింగమ్మ కట్టు విప్పి, కరుణ పట్టినట్టే గుడ్డను వెలుతురులోకి పట్టింది. తిప్పి తిప్పి చూసింది.

"ఓ అయ్యా! గింజల్లేవు!"

"సరిగ్గ చూడు."

"సూత్తున్న. ఒక్కటి లేదు. నువ్వే సూడు."

ఇద్దరూ ఆ ఉత్తగుడ్డను చూస్తూ చిన్నపిల్లల్లా నవ్వారు. వానాకాలానికి పాదం సన్నబడింది. అరికాలికి మళ్ళీ ఒంపు వచ్చింది. బజారులో చెప్పులు కొనుక్కుని రెండు కాళ్ళకూ తొడుక్కుని నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

మిగిలిన గడ్డ గట్టిపడి, చుట్టూ పొర కట్టుకుని, ఒక మూలకు ముడుచుకుంది. కరుణ తమ దవాఖానలోని సర్జన్‌ను పిలుచుకొచ్చి చూపించింది. మందు లేకుండా కోసుంటే అది ఎక్కడిదాకా పాకిందో తెలిసేది కాదనీ, ఇప్పుడు అంచు దొరికిందనీ ఆయన అన్నాడు. ఆపరేషన్ అయ్యాక, ఎట్లా జరిగిందని అడిగితే ఆయనే నవ్వుతూ చెప్పాడు: "తాటికాయల నుంచి ముంజ తీసినట్టు వచ్చింది కాటమయ్యా. మొత్తం వచ్చింది."

ఆ తర్వాత కూడా చాలాకాలం మందు మింగించారు. చివరి ఎక్స్‌రేలో ఎముక మళ్ళీ పూడుకుంది. కరుణ ఆ ఫిల్మును కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది. ఇటు తిరిగేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఇగ మందు ఆపుదాం. మీ కాలు మీదే."

"ఎక్కొచ్చునా?" అన్నాడు కాటమయ్య.

"ఎముకల డాక్టరుకు కూడ చూపిచ్చిన, సరేనన్నడు. కని పొట్టి చెట్టుతోని మొదలుపెట్టండి."

ఆ మాట ఒక్కటీ కాటమయ్య వినలేదు. మరుసటి ఆదివారం గురవయ్య కొత్త మోకు పట్టుకొచ్చాడు. వనంలోకి ఊరు సగం వచ్చింది. కాటమయ్య రోడ్డు పక్కనున్న పొడుగు తాటిచెట్టు మొదట్లో నిలబడి, నడుముకు మోకు చుట్టుకున్నాడు. వంగి పాదాలకు బంధం వేసుకున్నాడు. కుడిపాదానికి అది చక్కగా పట్టింది.

"పొట్టి చెట్టన్నది డాక్టరమ్మ!" అని అరిచింది నర్సింగమ్మ.

అప్పటికే అతను మనిషెత్తు పైకి పోయాడు. అరికాలు చెట్టు గరుకును పట్టుకుంది. అది తగులుతున్నదని అతనికి తెలుస్తున్నది. మోకు పైకి విసరడం, పాదాలు మీదికి లాగడం, మళ్ళీ విసరడం. ఒళ్ళు ఏదీ మరిచిపోలేదు. కింద మాటలు ఆగిపోయాయి. మట్టల దగ్గరికి చేరి ఒక చేత్తో మట్ట పట్టుకుని నిలబడ్డాక చూస్తే హైవే మీద లారీలు అగ్గిపెట్టెల్లా పోతున్నాయి. గాలి మొహాన కొట్టింది.

"బావా! ఎట్లుందే?" కింద నుంచి గురవయ్య కేకేశాడు.

"గట్టిగుందిరా! కాలు గట్టిగుంది!"

కింద ఈలలు, చప్పట్లు మోగాయి. ఎవరో డప్పు కూడా అందుకున్నారు. నర్సింగమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఫోను కరుణకు కలిపి, ఆ చప్పుడు వినపడేలా ఫోనును గాల్లోకి ఎత్తి పట్టుకుంది.

కాటమయ్య దిగాడు. నేల మీద కుడిపాదం ఆనించి ఒకసారి గట్టిగా తొక్కి చూశాడు.

"ఇయ్యాల్టికి చాలు, ఇంటికి పా" అంది నర్సింగమ్మ.

"ఇంకొక్కటి" అంటూ అతను పక్క చెట్టుకు మోకు చుట్టాడు.